వరసకు మామ

పోయిన వారం మనం సుమను విమానాలుంచే హ్యాంగర్ వెనక కుళాయి పక్కన, సెల్‌ఫోను చెవికి ఆనించుకుని నిలబడిన చోట వదిలేశాం. ఒక ఆడపిల్లను వారం రోజులు అలా నిలబెట్టడం న్యాయం కాదని నాకూ తెలుసు. ఏం చేయను, పత్రికవాళ్ళు ఇచ్చిన పేజీలు అక్కడికే అయిపోయాయి.

కథ ఎక్కడుందో ఒక్కసారి చెప్పుకుందాం. తళి దగ్గర గులాబీలు పండించే లింగప్ప కూతురు సుమ. విమానాల మరమ్మతు చదువు చదివి, హోసూరు ఊరి బయట ఉన్న ఒక చిన్న విమానాల కంపెనీలో ఇంజనీరు శేషప్ప కింద పని నేర్చుకుంటోంది. బెంగుళూరులో కొత్తగా మొదలైన ఒక విమాన సంస్థలో ఉద్యోగం ఇంచుమించు చేతికందింది. అక్కడి ఇంటర్వ్యూలో, "నీ పనికి పూచీ చెప్పేవాళ్ళలో మీ బంధువులెవరైనా ఉన్నారా?" అని అడిగితే, "లేరు సార్" అని తడుముకోకుండా చెప్పి వచ్చింది. ఆ తర్వాత వాళ్ళు, ఆ పూచీ చెప్పేవాళ్ళలో ఒకడైన శేషప్పకు ఫోను చేసి, ఈ అమ్మాయి మీకెలా తెలుసని అడిగారు. ఆయన చెప్పింది ఒక్క ముక్క. "మా మేనకోడలండీ."

ఆ ముక్కే ఇప్పుడు సుమ చెవిలో గుచ్చుకుంటోంది. అవతల మాట్లాడుతున్నది రంగనాయకులు. ఆ సంస్థలో ఇంజన్ల విభాగానికి పెద్ద. సుమ పేరు అక్కడ మొదట ఎత్తినవాడూ ఆయనే.

"నిన్ను నమ్మి మావాళ్ళ దగ్గర నీ పేరు చెప్పింది నేనమ్మా," అంటున్నాడాయన. గొంతులో కోపం లేదు. కోపం ఉంటేనే బాగుండేది. "నీకు పని రాదని ఎవరైనా అంటే నేను దెబ్బలాడగలను. అబద్ధం చెప్పిందీ అంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు. మనం సంతకం పెడితే, ఆ సంతకాన్ని నమ్మి ముక్కూ మొహం తెలియని జనం విమానం ఎక్కుతారు. మన పనిలో మిగతావన్నీ తర్వాత."

"సార్, అది వరసకు పిలుపు సార్," అంది సుమ. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "మా పక్క అట్లే అంటారు. మా ఊర్లలో మగోళ్ళంతా మామలో చిన్నాయనలో అవుతారు. పాలు పోసే ఆయన్ని గూడా మామా అంటాము. సారు ప్రేమకొద్దీ అనుంటారు. ఆయన మాకు ఏమీ కారు సార్."

"మాది బాపట్ల. మా వైపూ వరసలు పెట్టి పిలుచుకుంటారు," అన్నాడు రంగనాయకులు. "కానీ ఆఫీసు ఫోనులో అడిగితే మేనకోడలని ఎవరూ చెప్పరు. సరే. నువ్వు చెప్పిందే నిజమైతే ఇది చాలా చిన్న పని. సాయంత్రం మళ్ళీ చేస్తాను. ఈ అమ్మాయి నాకేమీ కాదని శేషప్పగారు తన నోటితో తాను అంటే చాలు. మిగిలింది నేను చూసుకుంటాను."

ఫోను పెట్టేశాక సుమ కుళాయి తిప్పి మొహం కడుక్కుంది. ఒక్క మాట. శేషప్ప సారు దగ్గరికి పోయి ఒక్క మాట అడిగితే అయిపోతుంది.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పకపోతే ఆ మాట బరువు తెలియదు. రంగనాయకులు సుమకు ఆకాశంలోంచి ఊడిపడలేదు. రెండేళ్ళ కిందట, 2003లో, యలహంకలో విమానాల ప్రదర్శన జరిగినప్పుడు శేషప్పే తన దగ్గర పని నేర్చుకునేవాళ్ళను వెంటబెట్టుకుపోయాడు. అందరూ బయోడేటాల కట్టలు పట్టుకుని బయల్దేరారు. తీరా అక్కడికి పోయాక ప్రతి స్టాలు ముందూ నిలబడి, పెళ్ళిలో తాంబూలాలు పంచినట్టు పంచారు. సుమ కూడా ఒక కట్ట తెచ్చుకుంది గానీ, శేషప్ప దాన్ని బస్సులోనే లాక్కుని తన సంచిలో పెట్టేసుకున్నాడు.

"పని ఇయ్యండి అని అడగబాకమ్మా. పని గురించి అడుగు," అన్నాడు. "ఉద్యోగం అడిగే మొహాలు వాళ్ళు పొద్దున్నించి శానా చూసుంటారు. నీకు నిజంగా తెలియందేదో అది అడుగు. తెలిసినోడికి చెప్పల్లని ఉంటాది."

సుమ ఆ రోజంతా తిరిగి తిరిగి, అడ్డంగా కోసి చూపించిన ఒక ఇంజన్ దగ్గర ఆగింది. పక్కనే కుర్చీలో ఒకాయన నీరసంగా కూచుని ఉన్నాడు. "సార్, మా కొండల పక్క చలికాలం మంచు జాస్తి. బయట నిలబెట్టిన విమానాల ఇంజన్లలో తేమ చేరి తుప్పు పడుతుండాది. ఎట్ల కాపాడుకోవల్ల?" అని అడిగింది. ఆయన లేచి నిలబడ్డాడు. భోజనం సంగతి కూడా మరిచిపోయి చెప్పాడు. ఆయనే రంగనాయకులు, అప్పట్లో ఆ ఇంజన్లు చేసే కంపెనీలో ఉండేవాడు.

అక్కడితో వదిలేస్తే అది పరిచయంగా మారేది కాదు. నెల తిరక్కుండానే శేషప్ప అడిగాడు. "ఆయన చెప్పింది చేసి చూసినావా? చూసినాక ఏమయిందో ఆయనకు చెప్పల్ల గదా. అడిగేదానికి ఫోను చేసేవాళ్ళు శానామంది. చెప్పేదానికి చేసేవాళ్ళు యాడుండారు?" సుమ భయపడుతూ ఫోను చేసింది. మొదట్లో తుప్పు గురించి, తర్వాత ఇంకో దాని గురించి, ఒకసారి ఆయన చెప్పింది తమ దగ్గర కుదరలేదని. కుదరలేదని చెప్పిన రోజే రంగనాయకులు ఆమెను మనిషిగా గుర్తుపెట్టుకున్నాడు. ఆయన ద్వారా ఇంకొకరు, ఆ ఇంకొకరి ద్వారా మరొకరు. ఇలా ఒక్కొక్కరినే సంపాదించుకుంది సుమ. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా, ఎవరి ఇంటి పేరూ వాడుకోకుండా. అది ఆమెకు గొప్ప గర్వం. ఈ పరిచయాలన్నీ తన పనితో తాను కట్టుకున్నవని లోలోపల మురిసిపోయేది. అంత జాగ్రత్తగా కట్టడం నేర్పిన మనిషే ఒక్క ముక్కతో పడగొట్టేశాడంటే, పాపం, నోరు జారి ఉంటుంది. అంతకు మించి ఆమె ఇంకేమీ అనుకోలేదు.

హ్యాంగర్‌లో భోజనాల వేళ. మిగతావాళ్ళు కాంటీనుకు పోయారు. రెండు సీట్ల చిన్న విమానం ముక్కు మీద మూత తీసి పెట్టి ఉంది. శేషప్ప ఒక చేత్తో టార్చి, ఒక చేత్తో చిన్న అద్దం పట్టుకుని ఇంజన్ వెనక బోల్టులు వదులు కాకుండా చుట్టిన తీగె ముడులు చూస్తున్నాడు. తల నెరిసింది గానీ మనిషి నిటారుగా ఉంటాడు. ఏర్‌ఫోర్స్‌లో చాలా ఏళ్ళు చేసి వచ్చినవాడు.

"సార్, మీరు నన్ను మేనకోడల్ని చేసేసినారంట," అంది సుమ నవ్వుతూ.

శేషప్ప నవ్వలేదు. టార్చి ఆర్పాడు.

సుమ జరిగిందంతా చెప్పింది. రంగనాయకులు అన్నది, తాను అన్నది, సాయంత్రం ఫోను వస్తుందన్నది. ఆయన వింటూ గుడ్డతో ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు. మసి పోయాక కూడా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఏమని చెప్పల్లంట నన్ను?"

"ఈ పిల్ల నాకు ఏమీ కాదు అని. అంతే సార్."

"ఆ మాట నేను చెప్పలేనమ్మా."

సుమకు అర్థం కాలేదు. ఫోనులో నిలదీస్తారని పెద్దాయనకు రోషం వచ్చిందేమో అనుకుంది. "సార్, వాళ్ళకు మన పక్క పిలుపులు తెలియవు సార్. మీరు తప్పుగా అన్నారని ఎవరూ అనలేదు. ఒక్క మాట చెప్తే నా ఉద్యోగం నిలబడతాది."

"తెలుసు."

"తెలిసే చెప్పనంటారా?" సుమ గొంతు పెరిగింది. ఇన్నేళ్ళలో ఆయన ముందు ఆమె గొంతు పెరగడం ఇదే మొదలు. "ఒక్క తీగె ముడి సరిగా లేదని నాతో ఎన్నిసార్లు విప్పించి కట్టించినారు సార్! వేళ్ళు కోసుకుని రక్తం కారినా ఊరుకోలేదు మీరు. ఒక్క దినమన్నా నేను ఎదురు చెప్పినానా? చూడని దానికి సంతకం పెట్టబాక అంటిరి. పెట్టలేదు. మీరు చెప్పిందంతా విన్నదాన్ని, మీరు నాకోసం ఒక్క మాట చెప్పలేరా?"

"చూడని దానికి సంతకం పెట్టకూడదంటే," అన్నాడు శేషప్ప మెల్లగా, "కండ్లతో చూసిన దాన్ని లేదని చెప్పేది గూడా తప్పే గదమ్మా."

"ఏం చూసినారు మీరు?"

ఆయన విమానం రెక్క మీద చెయ్యి ఆనించాడు. 

"మీయమ్మ పుట్టినిల్లు యాడ?"

"రాయకోట పక్క. మొదటి దినమే చెప్పినాను గదా సార్."

"ఆడ ఎవరుండారని చెప్పినారు నీకు?"

"ఎవరూ లేరు. తాత పోయినాడు, అవ్వ పోయింది. మాయమ్మ ఒక్కతే..." మాట సగంలో ఆగింది.

"ఒక్కతే కాదు," అన్నాడు శేషప్ప.

 సుమకు ఎందుకో ఒక పాత సంగతి గుర్తొచ్చింది. చేరిన కొత్తలో ఒకరోజు అమ్మ చేసిన అనపగింజల పితికిపప్పు, రాగిముద్ద డబ్బాలో తెచ్చి సారుకు కూడా పెట్టింది. ఆయన ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి కడుక్కొస్తానని లేచి పోయాడు. ఎంతకీ రాలేదు. కారం ఎక్కువైందేమోనని తాను నొచ్చుకుంది. కారం కాదు. చెల్లెలి చేతి వంట ఆయన నాలుక గుర్తుపట్టింది.

"కుండమార్పిడి పెండ్లిండ్లు అనుకున్నారు పెద్దోళ్ళు," అన్నాడు శేషప్ప. ఆయన సుమ వైపు చూడడం లేదు. "మా చెల్లెలు మీ నాయనకు. మీ నాయన చెల్లెలు నాకు. మీ అమ్మ పెండ్లి ముందు అయిపోయినాది. నా పెండ్లికొచ్చేసరికి మీ నాయన పక్క తాత మెలికేసినాడు. విమానాల పని వదిలేసి వచ్చి మడక పట్టి దున్నుకుంటేనే పిల్లనిస్తామని. నేను వదులుతానన్నా ఏర్‌ఫోర్స్‌వాళ్ళు వదిలే పని కాదమ్మా అది. ఇన్నేండ్లు చేస్తానని రాసిచ్చి పోయుంటిమి. మధ్యలో వచ్చేస్తే పట్టుకపోయి లోపలేస్తారు. ఆ మాట చెప్తే ఎవరికీ ఎక్కలే. నేను వస్తానో రానో చూడామని పందిరేసినారు. నేను రాలే. ఆ దినం నుంచి మీ ఇంట్లో నేను చచ్చిపోయినట్టే లెక్క."

మీ నాయన చెల్లెలు. అంటే కస్తూరి అత్త.

సుమ నెమ్మదిగా స్టూలు మీద కూచుంది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగితే, నాకు గులాబీలున్నాయి కదే అని నవ్వేసే కస్తూరి అత్త. తనను ఒడిలో పెట్టుకుని పెంచింది సగం అమ్మ, సగం ఆమె. విమానాల చదువు ఆడపిల్లకెందుకని నాన్న అడ్డం పడితే పోట్లాడి ఒప్పించింది ఆమె. చదువయ్యాక చెన్నైలో పెద్ద కంపెనీ పిలిచినా, ఇంటికి దగ్గర కదా, హోసూరికే పో అని పట్టుబట్టిందీ ఆమే.

"మొదటి దినమే తెలుసునా మీకు, నేనెవరో?"

"లింగప్ప కూతురినని చెప్తివి. తెలియకుండా ఎట్లుంటాది?"

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పింటే మీ నాయన మరుసటి దినమే నిన్ను తీసుకపోయుండు." శేషప్ప చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "సొంత మేనకోడలు గాబట్టి నీ పని చూసేది ఇంకొకరికి అప్పజెప్పుండల్ల నేను. అది నాకూ తెలుసు. చేయలేకపోయినాను. అందుకే నీ పని ఒకటికి రెండుసార్లు చూసినాను. వేరేవాళ్ళకైతే వదిలేసే దాన్ని గూడా నీకు వదల్లేదు."

"మరి ఇన్నేండ్లు దాచినోళ్ళు ఆ ఫోనులో ఎందుకన్నారు?" సుమకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. తన మీద ఇంత ప్రేమ పెట్టుకున్న మనిషి మీద అంత కోపం రావడం ఆమెకే వింతగా ఉంది. "ఒక్క మాట గదా! మా కంపెనీలో పని నేర్చుకునే పిల్ల అని ఉండొచ్చు గదా!"

"అడిగినారు గదమ్మా," అన్నాడు శేషప్ప. "ఆ పిల్ల నీకేమవుతాదని ఇన్నేండ్లలో నన్ను ఎవరూ అడగలేదు. ఆయనెవరో అడిగేసినాడు. నోట్లోంచి వచ్చేసింది."

సుమ లేచి పనిముట్ల పెట్టె తెరిచింది. 

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఒకే విమానం మీద పని చేశారు. ఆయన అడిగిన పానా ఆమె అందించింది. ఆమె బిగించిన బోల్టు ఆయన చూశాడు.  కాంటీను నుంచి వచ్చినవాళ్ళు వీళ్ళ మొహాలు చూసి, ఏదో పని చెడిందనుకుని పక్కకు తప్పుకున్నారు.

సాయంత్రం షిఫ్టు వదిలే వేళకు ఫోను మోగింది.

సుమ దాన్ని తీసేలోపే శేషప్ప చెయ్యి చాచాడు. "ఇటియ్యి. నేను చెప్తా."

"ఏమని?"

"ఏమీ కాదనే చెప్తా. ఆలోచించినాను. నీ బతుకు చెడగొట్టేదానికి నేనెవరు? మీ ఇంట్లోవాళ్ళు ఎట్లాగూ లేనని చెప్పేసినారు. ఇంగ నేను చెప్తే పోయేదేముంది? ఇయ్యమ్మా."

  ఫోను మోగుతూనే ఉంది. సుమకు ఆ క్షణంలో ఉద్యోగం ఎంత కావాలనిపించిందో చెప్పలేను. బెంగుళూరు, పెద్ద విమానాలు, తన పేరు కుట్టిన యూనిఫారం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చాచిన ఆ చేతిలో ఫోను పెడితే చాలు, అవన్నీ తనవే. తాను అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. చెప్పేది ఆయన కదా.

ఫోను తన చెవి దగ్గరే పెట్టుకుంది.

"నమస్తే సార్. పొద్దున నేను చెప్పింది తప్పు సార్. శేషప్ప సారు మాయమ్మకు సొంత అన్న. అమ్మకు అన్నే లేడని చెప్పి మా ఇంట్లో నన్ను పెంచినారు. నాకు ఈ మధ్యాహ్నమే తెలిసింది."

శేషప్ప చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ చేత్తోనే మొహం కప్పుకున్నాడు.



"ఈ మధ్యాహ్నమే తెలిసిందని ఎవరు నమ్ముతారమ్మా?" అన్నాడు రంగనాయకులు.

"మీరు నమ్మరా సార్?"

"నా ఒక్కడి నమ్మకంతో ఏమవుతుంది? నీ పని గురించి నాకు భయం లేదు. సోమవారం ఎలాగూ హోసూరు వస్తున్నాను. ఆయన పూచీ ఇచ్చిన పనంతా నా కళ్ళ ముందు మళ్ళీ చేసి చూపిద్దువు గాని. కానీ తెలిసి దాచిందా, తెలియక చెప్పిందా అని మావాళ్ళు అడుగుతారు. దానికి జవాబు నువ్వు చెబితే చెల్లదు, ఆయన చెప్పినా చెల్లదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు రావాలి. మేమే దాచాం, పిల్లకు తెలియదు అని శేషప్పగారి ఎదురుగా నాతో చెప్పాలి. తీసుకురాగలవా?"

"తీసుకొస్తాను సార్," అంది సుమ. ఎవరిని, ఎలాగ అన్నది ఆమెకు తెలియదు.

తళి బస్సు దిగి ఇంటికి చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. గులాబీలు పెంచే ప్లాస్టిక్ పందిరి, అదే పాలీహౌసు, పక్క కొట్టంలో కస్తూరి అత్త పీట మీద కూచుని, మరునాడు ఏర్‌పోర్టుకు పోవాల్సిన గులాబీల ముళ్ళు గీకి, కట్టలు కడుతోంది. అమ్మ జయలక్ష్మమ్మ కట్టలకు అట్ట చుడుతోంది. నాన్న లింగప్ప గుమ్మం దగ్గర నిలబడి, మందు కొట్టే పంపు విప్పి కడుగుతున్నాడు.

చెప్పుకుంటే వింతగా ఉంటుంది గానీ, ఇన్నేళ్ళలో శేషప్ప పేరు సుమ నోట ఆ ఇంట్లో ఒక్కసారి కూడా పలకలేదు. పని నేర్పేవాణ్ణి పేరు పెట్టి చెప్పడం ఆమెకు అలవాటు లేదు. ఇంట్లో ఆయన ఎప్పుడూ 'మా సారు', అంతే.

"నాయనా, మా సారు పేరు శేషప్ప," అంది సుమ నిలబడే. "రాయకోట శేషప్ప."

అమ్మ చేతిలో అట్ట జారి కింద పడింది. నాన్న పంపు కడగడం ఆపాడు. సుమ ఎక్కడా ఆగకుండా ఉన్నదంతా చెప్పింది. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు.

"అన్న ఎట్లుండాడు?" అంది జయలక్ష్మమ్మ. అదొక్కటే అడిగింది. అడిగి, భర్త వైపు చూసి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఆ పేరు ఈ ఇంట్లో పలకగూడదని మా నాయన ఒట్టు పెట్టించినాడు," అన్నాడు లింగప్ప. ఆయన చెడ్డవాడు కాదు. చెల్లెలు పసుపుబట్టలతో పందిట్లో కూచుని, చీకటిపడ్డాక తానే లేచి లోపలికి నడిచి పోవడం కళ్ళారా చూసినవాడు. "సోమవారం కాదు, ఏ వారమూ మా ఇంటోళ్ళు ఆ గేటు తొక్కరు. నువ్వు గూడా రేపట్నుంచి పోబాక. ఉద్యోగం పోతే పోనీ. కస్తూరి ముందర ఆ మనిషి మాటెత్తేదానికి నీకు నోరెట్లొచ్చింది?"

కస్తూరి తలెత్తలేదు. ఇంకో గులాబీ తీసుకుంది. ముళ్ళు గీకింది.

"పెండ్లి చేసుకున్నాడా?" అని అడిగింది.

 "చేసుకున్నాడత్తా," అంది సుమ. "ఒక కొడుకు."

"మంచిది," అంది కస్తూరి. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. పువ్వును కట్టలో పెట్టి అన్న వైపు తిరిగింది. "నా కోసమనే గదా అన్నా నువ్వు ఇన్నేండ్లు ఈ కోపం పట్టుకునుండావు? నీకేమి కావల్లని నన్ను ఒక్కసారన్నా అడిగినావా?"

లింగప్ప చేతిలోని పంపు కింద పెట్టాడు. అడగలేదు. నిజంగానే ఎప్పుడూ అడగలేదు.

"సోమవారం నేను పోతా. దాచినామని నేను చెప్తా. వదినా, నువ్వు గూడా రా, మీ అన్నను చూసుకుందువు గాని." కస్తూరి లేచి చీర కుచ్చెళ్ళ మీద పడిన ఆకులు దులుపుకుంది. సుమ పరిగెత్తి పోయి అత్తను పట్టుకుంది. ఆకుపసరు వాసన వేసే చేతులతో కస్తూరి ఆమె మొహాన్ని తన వైపు తిప్పుకుంది.

"ఉన్నదంతా చెప్పల్లనా సుమా, ఆ బెంగుళూరు సారుకి?"

"ఉన్నదంతా చెప్పల్లత్తా. ఒక్క ముక్క దాచినా అందరం పోతాము."

కస్తూరి, పక్కన ఉన్న అన్నకూ వదినకూ వినపడేలాగే అంది.

"హోసూరు పూల మార్కెట్లో ఆయన్ని చూసినాను. నీ చదువు ముగిసే కాలంలో. యాడ పని చేస్తుండాడో కనుక్కున్నాను. చెన్నై వద్దు, హోసూరికే పో అని నీతో పోట్లాడినాను గదా? ఆయన ఆడుండాడని తెలిసే నిన్ను ఆ గేటు దాకా పంపించినాను." ఆమె గొంతు తగ్గింది. "అది గూడా చెప్పల్లనా?"